పాత జీపునకు షాక్ అబ్జార్బర్ల నెన్నుకొను విధము

ఇబ్రహీంపట్నము మొదలు మైలవరము, తిరువూరు మీదుగా కొత్తగూడెము, భద్రాచలము, జగదల్‌పూరు దిక్కునకు పోవు 30వ నంబరు జాతీయ రహదారి మన యూరిని తాకుచునే పోవుచున్నది. ఆ రహదారిమీద ఎట్టి బండియైనను నడచును. కాని రైతు పని రహదారిమీద ముగియదు. రహదారి దిగి డొంకలో నడుగిడినంతనే ఎఱ్ఱనేల గుంటలు, నల్లనేల గాడులు, కట్టలేటివంటి వాగుల దాటుడులు ఎదురగును. అందుచేతనే మామిడి తోటలు గలవారును, పత్తి, మిరప వేయువారును పాత ఫోర్‌వీల్ డ్రైవు జీపులను విడువక కాపాడుకొనుచున్నారు. ఇంజను చెడినచో వెంటనే బాగు చేయింతురు. టైరు అరిగినచో మార్తురు. కాని బండి క్రింద నాలుగు మూలల వ్రేలాడు షాక్ అబ్జార్బర్లను మాత్రము అవి విరిగి పడువరకు తలపరు. విరిగిన దినమున దుకాణమునకు పోయి చేతికి దొరకిన దానిని తెచ్చి బిగింతురు. ఇది ఎంత నష్టకరమో, సరియైన దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో సంఘ సభ్యులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

జీపు మన పొలములకు వచ్చిన విధము

జీపు మొదట రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యమునకై విల్లీస్, ఫోర్డు కంపెనీలు చేసిన బండి. మన దేశమున 1945లో ఉక్కు వ్యాపారముగా మొదలైన మహీంద్ర సంస్థ 1947లో విల్లీస్ జీపుల పనికి పూనుకొనెను. తరువాత సి.జె. 3బి, ఎం.ఎం. 540 మొదలగు పేర్లతో వెలువడిన బండ్లు ఆ కుటుంబములోనివే. వీని తయారీ నిలిచి చాలకాలమైనను, వాడుకలో నున్నవి ఇంకను కలవు. వీనియందు ముందును వెనుకను కూడ గట్టి ఇరుసులు, వానిపై కమాను పట్టీలు ఉండును. ఈ కట్టడి మోటైనదైనను రైతునకు మేలైనది. ఏలయన ఊరి కమ్మరియు, చిన్న మెకానిక్కును దీనిని బాగుచేయగలరు. అయితే ఇట్టి బండ్లు చేతులు మారి, కమానులు మారి, కొందఱు పట్టీలు చేర్చి, కొందఱు తీసివేసి, ఒకదానితో నొకటి పోలిక లేకుండ నున్నవి. కావున పుస్తకములో వ్రాసిన నంబరు చెప్పి కొన్న షాక్ అబ్జార్బరు మీ బండికి సరిపోవునను నమ్మకము లేదు. పాత బండి విషయమున మీ కొలతయే మీకు ప్రమాణము.

అది చేయు పని యేమి?

బరువు మోయునది కమానుగాని షాక్ అబ్జార్బరు కాదు. ఈ యొక్క మాట మనసున నాటుకొన్నచో సగము పొరపాట్లు తొలగిపోవును. చక్రము గుంటలో పడి లేచినప్పుడు కమాను వంగి మఱల సాగును. దానిని అట్లే విడిచినచో ఉయ్యాలవలె పలుమారులు ఊగుచుండును. ఆ యూపును అణచుటయే షాక్ అబ్జార్బరు పని. గొట్టములో నూనె, ఆ నూనెలో సన్నని రంధ్రములు గల ముషలకము ఉండును. బండి యూగినప్పుడు నూనె ఆ రంధ్రములగుండ బలవంతముగా పోవలసియుండును. ఊపులోని శక్తి ఆ విధముగా వేడిగా మారి గాలిలో కలిసిపోవును.

మనము వాడు చేతి పిచికారీ పంపును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పిడిని మెల్లగా లాగిన సులువుగా వచ్చును. వడిగా లాగిన ఎదురు తిరుగును. ఇదియు నట్లే. మఱియు పంపునకు గాలి పట్టినచో పిడి వదులై మందు సరిగా పడదు గదా! షాక్ అబ్జార్బరు నూనెలో గాలి కలిసి నురుగైనప్పుడును అదే వదులు కలుగును. గతుకుల బాటమీద చాలసేపు నడచిన తరువాత బండి మెత్తబడి తేలినట్లగుటకు కారణ మిదియే.

చక్రము పైకి లేచునప్పటి అడ్డుకంటె క్రిందికి దిగునప్పటి అడ్డు సామాన్యముగా ఎక్కువగా నుంచెదరు. వంగిన కమాను తన బలముతో బండిని పైకి విసరకుండ పట్టుకొనుటకే ఈ ఏర్పాటు. ఈ పట్టు సడలినచో చక్రము నేలను విడిచి ఎగురుచుండును. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు వేసి ప్రయోజనము లేదు. స్టీరింగు త్రిప్పినను ప్రయోజనము లేదు. కావున ఇది సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ప్రాణములకు సంబంధించిన విషయము.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పుటకు ముందు నా తప్పును ఒప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట నా పాత జీపు వెనుక షాక్ అబ్జార్బర్లు రెండును నూనె కారి పాడైనవి. మామిడికోత దినములు, తీరిక లేదు. ఒక దుకాణమున అడుగగా, “ఇవి గట్టి రకమండీ, లారీ సరకు, ఎంత బరువైనను మోయును” అని చెప్పి రెండింటిని చేతిలో పెట్టిరి. కన్నములు సరిపోయినవి, బోల్టులు ఎక్కినవి. నేనును సంతోషించితిని. నిడివి కొలువలేదు.

మఱునాడు మా బాబాయిగారి తోటనుండి బంగినపల్లి కాయల పెట్టెలు నింపుకొని బయలుదేరితిమి. వట్టి బండి నడచినప్పుడు చిక్కు తెలియలేదు. బరువు ఎక్కి కమాను దిగినది. వాగు దాటుడులో వెనుక చక్రము గుంటలో పడినప్పుడు పెద్ద చప్పుడైనది. “ఏమిరా అబ్బాయీ, ఏదో విరిగినట్లున్నదే?” అని బాబాయిగారనిరి. “రాయి తగిలియుండును లెండి బాబాయిగారూ” అని నేను ఆపక నడపితిని. అదియే రెండవ తప్పు. షాక్ అబ్జార్బరు పైకొన తగులుకొను బ్రాకెట్టు ఛాసిస్‌నుండి చీలి, విడిపోయిన గొట్టము ప్రక్కకు వ్రాలి బ్రేకు నూనెపోవు రబ్బరు గొట్టమును ఒరసికొనుచున్నది. రహదారికి చేరువలో పల్లమునకు దిగుచు బ్రేకు త్రొక్కితిని. పాదము నేలకు తగిలినది. పాత జీపులలో నాలుగు చక్రముల బ్రేకులకును నూనె దారి ఒక్కటే యగుటచేత ఒకచోట తెగిన అన్నియు పోయినవి. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, ప్రక్కనున్న చేని గట్టునకు ఆనించి ఆపితిని. భగవంతుని దయవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. కాయలు మాత్రము అడుగు పెట్టెలలోనివి చాలభాగము కమిలిపోయినవి. బాబాయిగారు నన్ను ఒక్కమాటయు అనలేదు. ఆ మౌనమే నాకు నేటికిని జ్ఞాపకము.

తరువాత కొలిచి చూడగా, ఆ షాక్ అబ్జార్బరు పూర్తిగా ముడిచినప్పటి నిడివి నా బండిలో దానికి గల చోటుకంటె ఒక అంగుళము ఎక్కువగా నున్నది. ఇరుసు రబ్బరు దిమ్మను తాకకముందే షాక్ అబ్జార్బరు లోపల అడుగునకు తగిలి, బండి బరువంతయు దానిమీద పడినది. తప్పు సరకుది కాదు, కొలువని నాది.

పాతది చెడినదా యని తెలిసికొనుట

క్రొత్తవి కొనుటకు ముందు ఖర్చులేని పరీక్షలు కొన్ని కలవు.

మొదట టైర్ల గాలి చూడుడు. గాలి మితిమీరినచో బండి ఎగిరిపడును. ఆ నింద షాక్ అబ్జార్బరుమీద వేయుదురు. తరువాత కమాను పట్టీలు, షాకిళ్లు, పిన్నులు చూడుడు. పట్టీలు తుప్పుపట్టి ఒకదాని కొకటి అతుకుకొన్నచో కమాను వంగనే వంగదు. షాకిలు బుష్షు అరిగినచో టకటక చప్పుడు వచ్చును. ఇవి బాగుచేయక క్రొత్త షాక్ అబ్జార్బర్లు వేసిన డబ్బు వ్యర్థము.

గొట్టముమీద సన్నని నూనె చెమ్మ, దానికి దుమ్ము పట్టియుండుట సామాన్యము. నూనె ధారగా కారి క్రింది కన్నము తడిసియున్నచో అది చెడినట్లే. కడ్డీ వంగినను, గొట్టము సొట్టపడినను పనికిరాదు. టైరు చుట్టును అక్కడక్కడ గిన్నెలవలె అరిగియున్న యెడల చక్రము ఎగురుచున్నదని అనుమానింపవలెను.

బండి మూలను అదిమి విడిచి, ఎన్నిమారులు ఊగునో చూచు పద్ధతి కార్లకు బాగుగ పనిచేయును. కమాను పట్టీల జీపునకు అంత నమ్మదగినది కాదు. పట్టీల రాపిడియే ఊపును కొంత అణచివేయుటచేత చెడిన షాక్ అబ్జార్బరు కూడ మంచిదానివలె కనబడును. అంతకంటె మేలైనది వేడి పరీక్ష. డొంకలో నాలుగైదు మైళ్లు నడపి, ఆపి, నాలుగు గొట్టములను జాగ్రత్తగా తాకి చూడుడు. పొగగొట్టమునకు చేయి తగులనీయకుడు. పనిచేయునది వెచ్చబడును. మూడు వెచ్చగా నుండి ఒకటి చల్లగా నున్నచో ఆ చల్లనిది పనిచేయుటలేదు. ఇంకను సంశయమున్నచో ఒకవైపు విప్పి, నిలువుగా పట్టి చేతితో లాగుచు నొక్కుచు చూడుడు. పోట్లంతటను ఒకే పట్టు ఉండవలెను. నడుమ వదులు తగిలినచో లోపల నూనె తగ్గినదని గాని, వాల్వు అరిగినదని గాని తెలియును.

కొలతలు తీయు విధము

ఇది ముఖ్యము. ఒక టేపును, ఒక జాకీని, పలకయో కాగితమో తీసికొనుడు. ముందు ఇరుసునకు వేరుగను, వెనుక ఇరుసునకు వేరుగను కొలువవలెను.

మొదటిది, బండి సమనేలమీద నిలిచియుండగా షాక్ అబ్జార్బరు పైపిన్ను నడిమినుండి క్రిందిపిన్ను నడిమివరకు కొలువుడు. ఉదాహరణకు పదిహేనున్నర అంగుళములు వచ్చిన దనుకొందము. రెండవది, ఇరుసునకును ఛాసిస్ క్రింది రబ్బరు దిమ్మకును నడుమ గల ఎడము కొలువుడు. రెండున్నర అంగుళము లనుకొందము. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసిన పదమూడు. రబ్బరు దిమ్మ గట్టిగా తగిలినప్పుడు అర అంగుళము అణగు ననుకొన్న పండ్రెండున్నర. షాక్ అబ్జార్బరు ముడిచిన నిడివి దీనికంటె తక్కువగా నుండవలెను. ఒక చక్రము మాత్రమే గట్టు ఎక్కినప్పుడు ఇరుసు వాలి ఆ వైపు ఇంకను పైకి పోవును గనుక మఱికొంత విడిచి పండ్రెండు అంగుళముల దానిని కోరుట క్షేమము.

మూడవది, జాకీని ఇరుసుక్రింద గాక ఛాసిస్ క్రింద పెట్టి, చక్రము వ్రేలాడువరకు లేపుడు. ఛాసిస్ క్రింద గట్టి దిమ్మలు పెట్టక, జాకీని మాత్రము నమ్మి, బండి క్రిందికి పోరాదు. పాత షాక్ అబ్జార్బరు ఒక కొన విప్పి యుంచుడు. లేనిచో అదియే చక్రమును పట్టి యుంచి కొలత తప్పును. బ్రేకు గొట్టము బిగిసి లాగుకొనకుండ చూచుకొనుడు. ఇప్పుడు పిన్నుల నడుమ పందొమ్మిది అంగుళములు వచ్చిన దనుకొందము. షాక్ అబ్జార్బరు సాగిన నిడివి దీనికంటె ఎక్కువగా, పందొమ్మిదిన్నర వఱకైనను ఉండవలెను. తక్కువైనచో వ్రేలాడు ఇరుసు బరువు షాక్ అబ్జార్బరు కన్నములమీద పడి అవి తెగును. కమానులకు పట్టీలు చేర్చి బండిని ఎత్తు చేసినవారికి తఱచు కలుగు చిక్కు ఇదియే. నేను చెప్పిన అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. మీ బండి అంకెలు వేరుగా నుండును.

నాలుగవది, కొనల రకము. కన్నము గలదా, కడ్డీపై రబ్బరు బిళ్లలు వేసి నట్టు బిగించునదా చూడుడు. పిన్ను లావు, కన్నము వెడల్పు, బుష్షు లోపలి కొలత వ్రాసికొనుడు. వదులు బుష్షును రేకు చుట్టి సరిపెట్టుట మంచిపని కాదు.

ఏ రకము కొనవలెను?

తొలి షాక్ అబ్జార్బర్లు నూనెవి కావు. ఇరువదవ శతాబ్ది మొదట ఫ్రాన్సు దేశస్థుడగు ట్రుఫో, అమెరికావాడగు హార్ట్‌ఫర్డు ప్రచారమునకు తెచ్చినవి రాపిడి బిళ్లలవి. తరువాత నూనె రకములు వచ్చినవి. 1950ల యందు ఫ్రెంచి ఇంజనీరగు ద కార్బన్ ఒకే గొట్టములో నూనెను, బలముగా నింపిన వాయువును ఉంచు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. మన దేశమున గాబ్రియేల్ ఇండియా సంస్థ 1961లో స్థాపితమైనది. నేడు అంగడిలో మూడు రకములు కనబడును.

మొదటిది రెండు గొట్టముల నూనె రకము. వెల తక్కువ, రాయి తగిలి వెలుపలి గొట్టము కొద్దిగా సొట్టపడినను తఱచు లోపలి గొట్టమునకు చెఱుపు రాదు. రాళ్ల డొంకలలో మెల్లగా నడచు జీపునకు ఇది చాలును. చాలసేపు గతుకులమీద వడిగా నడపినచో నురుగు పట్టుట దీని లోపము.

రెండవది రెండు గొట్టములదే గాని తక్కువ ఒత్తిడితో నత్రజని వాయువు నింపినది. నురుగు తక్కువ. తోటకును రహదారికిని సమముగా తిరుగువారికి ఇది అనుకూలము.

మూడవది ఒకే గొట్టముతో, ఎక్కువ ఒత్తిడి వాయువుతో నుండునది. వేడి త్వరగా పోవును, పట్టు సడలదు. కాని వెల యెక్కువ. గొట్టము సొట్టపడినచో ముషలకము చిక్కుకొని పనికిరాకుండ పోవును. నిత్యము దూరప్రయాణము, వడి గలవారికే దీని అవసరము.

ఇక “గట్టిది” అను మాట. గట్టి షాక్ అబ్జార్బరు బరువు మోయదు. బరువు చాలనిచో కమానునకు తగిన పట్టీ చేర్చవలెను. పట్టీ చేర్చినప్పుడు దాని ఎదురుబలము నాపుటకు షాక్ అబ్జార్బరు పట్టు కూడ కొంత పెరుగవలెను. అంతేగాని లారీది వేయరాదు. మితిమీరి గట్టిదైనచో చిన్న గతుకునకు సయితము బండి ఎగిరిపడును. ఆ దెబ్బ మొదట తగులునది మామిడికాయలకు. నున్న మార్కెట్టునకు పోవు కాయ కమిలియున్నచో బేరగాడు వెంటనే కనిపెట్టును. బంగినపల్లి యైనను, కలెక్టరు కాయయైనను దెబ్బ తిన్నచోట కుళ్లు ముందు పట్టును.

కొనునప్పుడు ఒకే ఇరుసునకు రెండును ఒకేసారి, ఒకే రకమువి కొనుడు. ఒకటి క్రొత్తది, ఒకటి పాతది యైనచో బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపునకు పోవును. టేపును దుకాణమునకు తీసికొనిపోయి, అక్కడనే కొలిచి చూడుడు. రంగు వేసి క్రొత్తవని అమ్ము పాతసరకును గుర్తింపుడు: కడ్డీ అద్దమువలె నున్నగా, గీత లేకుండ ఉండవలెను, వెల్డింగుమీద మఱల వెల్డింగు ఉండరాదు. బిల్లు లేనిదే కొనకుడు. బిల్లు లేని సరకు చెడినప్పుడు అడుగుటకు మీకు నోరుండదు.

బిగించుట

రెండు గొట్టముల రకమును బిగించుటకు ముందు నిలువుగా పట్టి, అయిదారుమారులు పూర్తిగా లాగి నొక్కుడు. లోపలి గాలి పైకి పోవును. దీనిని తలక్రిందుగా బిగింపరాదు. కడ్డీని పటకారుతో పట్టరాదు. చిన్న గీతయైనను నూనె సీలును కోసివేయును. వాయువు నింపినవానికి గల కట్టుపట్టీని కొనలు అమరువరకు కోయవలదు. బుష్షుల బోల్టులను చక్రములు నేలమీద నిలిచిన తరువాతనే తుది బిగువు బిగింపుడు. గాలిలో వ్రేలాడుచుండగా బిగించిన రబ్బరు మెలితిరిగి త్వరలో చినుగును. బ్రేకు గొట్టము దేనికిని తగులకుండ చూడుడు. ఒక వారము నడచిన పిదప బోల్టులను మఱల పరీక్షింపుడు. వాయువు నింపిన పాతవానిని మంటలో వేయుట, వెల్డింగు చేయుట, రంధ్రము చేయుట ప్రాణాపాయము. పిల్లల చేతికి ఈయకుడు.

సంఘముగా చేయదగినది

పదునైదు సంవత్సరములు దాటిన సొంత బండ్లకు రిజిస్ట్రేషను మఱల చేయించుకొని, ఆపైన అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలసి యున్నది. పరీక్షకు పోవు దినమున తొందరపడుటకంటె ముందే చూచుకొనుట మేలు. పాత జీపులు గల సభ్యులు నలుగురు కూడి, తమ బండ్ల కొలతలు ఒక పుస్తకములో వ్రాసి సంఘ కార్యాలయమున నుంచినచో ఎంతో ప్రయోజనము కలుగును. కొలతలు కలిసిన వారందఱు ఒకేసారి విజయవాడ ఆటోనగరమునుండి సరకు తెప్పించుకొన్న ప్రయాణపు ఖర్చు పంచుకొనవచ్చును. వెలయు అడిగి తగ్గించుకొనవచ్చును. విత్తనములు, ఎరువులు కూడి కొనుటలో మనకు తెలిసిన లాభమే ఇందును కలదు.

విత్తుటకు ముందు మొలకశాతము చూతుము. మందు కలుపుటకు ముందు కొలత చూతుము. మన ఇంటివారిని కూర్చుండబెట్టుకొని నడపు బండి విషయమున కొలువక కొనుట యేల? మా బాబాయిగారు ఇప్పుడు నా జీపు ఎక్కునప్పుడెల్ల ముందుగా వంగి వెనుక చక్రము ప్రక్కకు ఒకసారి చూచి, తరువాతనే ఎక్కుదురు. వారు చేయు పని సరియైనది. ఈ కోతలు మొదలగుటకు ముందే మీరును ఒకసారి వంగి చూడుడు.